కోటు మీద కొలత

మూడు వారాల కిందట, మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, కెనడాలో, ఒంటారియోలోని లండన్‌లో ఒక ఆసుపత్రిలో అంకుల్ చనిపోయారు. వయసు డెబ్బై ఒకటి. గుండెపోటు. అదే ఆసుపత్రి బాయిలర్ రూమ్‌లో ఆయన ఇరవై ఆరేళ్లు పనిచేశారు. వచ్చే ఫిబ్రవరిలో ఉత్తరాన యూకాన్‌లో అడవిదున్న వేటకు ఆయనా నేనూ కలిసి వెళ్లవలసి ఉంది. గైడ్ ఖాయమయ్యాడు, విమానం టికెట్లు ఖాయమయ్యాయి. తేలనిది ఒక్కటే. నేను పట్టుకెళ్లే రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనదా, కొలతలిచ్చి చేయించినదా? రెండేళ్లుగా మా మధ్య నడిచిన వాదన అది. ఆయన పోయిన తరువాత కానీ తెగలేదు.

ఆయన నాకు బంధువు కాదు. ఎనిమిదేళ్ల కిందట వాళ్ల తెలుగు చర్చి వార్షికోత్సవం గురించి పత్రికకు రాయడానికి టొరంటో పక్కనున్న మార్కమ్ నుంచి వెళ్లాను. భోజనాల దగ్గర ఒక వేపుడు రెండోసారి వడ్డించుకుంటూ, మటనేనా అని అడిగాను.

"మటనా? మూస్ అమ్మా, ఇక్కడి పెద్ద దుప్పి! నేనే కొట్టా. రాసుకో, రిపోర్టరువి కదా."

"ఎంత దూరం నుంచి?"

"నూట పది మీటర్లు."

పక్కన వడ్డిస్తున్న ఆయన భార్య, ఆంటీ, గరిటె ఆపారు. "పోయిన ఆదివారం ఎనభై అన్నారు."

"సరే, తొంభై వేసుకో," అన్నారు అంకుల్.

నేను ఏ అంకె వేయలేదు. కానీ ఆ మరుసటి ఏడాది తుపాకి భద్రత కోర్సులో చేరి లైసెన్సు తీసుకున్నాను. పరీక్ష పాసైన రోజు ఆయనకు ఫోన్ చేస్తే, "ఇక నిన్ను పట్టలేం!" అని ఆయనే ఎక్కువ సంబరపడ్డారు.

ఆయన తండ్రి నరసాపురంలో టైలరు. అంకుల్ లోకంలో ఏ వస్తువైనా రెండు రకాలే: రెడీమేడు, కుట్టించింది. ఆయన దగ్గర పెద్ద జంతువులను కొట్టే రైఫిళ్లు రెండుండేవి. రెండూ త్రీ సెవెంటీ ఫైవ్ సైజు గుండువి. గుండూ పెద్దదే, భుజం మీద తన్నూ పెద్దదే. ఫ్యాక్టరీది రెడీమేడు. దాని స్టాక్, అంటే భుజానికి ఆనించే భాగం, నల్ల ప్లాస్టిక్. రెండోది ఊరి బయట ఉన్న గన్‌స్మిత్‌కు కొలతలిచ్చి, రెండేళ్లు ఎదురుచూసి చేయించుకున్నది. దాని స్టాక్ వాల్‌నట్ కర్ర. ఆ కర్రలో ముదురు చారలు పొగలా మెలికలు తిరిగి చివరిదాకా పోతాయి. అంత అందమైనదాన్ని ఆయన వేటకు తీసుకెళ్లేవారు కాదు.

"అది మీ అంకుల్ పెళ్లి సూటు," అనేవారు ఆంటీ. "ఒక్కసారి తొడిగారు. మళ్లీ బీరువాలోనే."

ఆ ఒక్కసారి ఏం జరిగిందో అంకుల్ చాలామందికి చెప్పారు. ప్రతిసారీ తానే ముందు నవ్వేవారు. కొలతలు ఇచ్చింది జులైలో. కోటు తెచ్చుకోమని గన్‌స్మిత్ చెప్పాడు. ఎండలో ఎవరు మోస్తారని ఈయన పొట్టి చేతుల చొక్కాతో వెళ్లారు. వేట మాత్రం యూకాన్‌లో, మైనస్ ఇరవై ఎనిమిదిలో. ఒంటి మీద పార్కా, అంటే మందపాటి చలికోటు. అరవై మీటర్ల దూరంలో చెట్లలోంచి దున్న బయటికొచ్చి నిలబడింది. రైఫిల్ ఎత్తితే స్టాక్ చివర కోటు చంకలో ఇరుక్కుంది. విడిపించి మళ్లీ ఎత్తేసరికి అక్కడ మంచు తప్ప ఏమీ లేదు.

"టైలరు కొడుకుని! చొక్కా మీద కొలతిచ్చి కోటు మీద తొడిగా. మా నాన్నుంటే టేపుతోనే నాలుగు తగిలించేవాడు."

ఇంటికి రాగానే రెడీమేడు కొని, దాని స్టాక్ అంగుళం కోయించుకున్నారు. ఆ తరువాత ప్రతి వేటకూ అదే. రెడీమేడు కొని ఆల్టరేషన్ చేయించుకోవడాన్ని మించింది లేదన్నది ఆయన సిద్ధాంతం. మరి ఆ కర్రనే అంగుళం కోయించుకోవచ్చు కదా అని ఆయన్ను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ, "కాఫీ తాగుతావా?" అన్నారు.

మే నెలలో ఒక శనివారం రెండింటినీ షూటింగ్ రేంజికి తీసుకెళ్లాం. వంద మీటర్ల దూరం, ఒక్కోదానితో మూడేసి గుండ్లు. ఫ్యాక్టరీ రైఫిల్ చేసిన చిల్లులు మూడూ నిమ్మకాయంత జాగాలో ఉన్నాయి. చేయించినదాని చిల్లులు ఒకదాన్నొకటి తాకాయి. కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చాను.

"అంకుల్, చూశారా? మూడూ కలిసిపోయాయి!"

"చూశా. దున్న గుండె పుచ్చకాయంత ఉంటుందమ్మా. పావలా అంత గురి దేనికి, చెవులు కుడతావా?"

"గురి గురే కదా!"

"చలిలో ఆ బోల్ట్ గడియ లాగి గుండు ఎక్కించు, చూద్దాం. లోపల అంత బిగువుగా ఉంటే నూనె ముద్దకట్టి కదలదు. కాస్త వదులుండాలి. బట్టకైనా, తుపాకికైనా."

అలా అంటూనే జేబులోంచి ఇంకో మూడు గుండ్లు తీశారు. "ఇప్పుడు నేను కొడతా, జరుగు!" ఆయన చిల్లులు కూడా కలిసిపోయాయి. "అబ్బో!" అని తానే చప్పట్లు కొట్టుకున్నారు. పక్క బెంచీలవాళ్లు వచ్చి కాగితం చూసి వెళ్లారు. తిరుగుదారిలో కారులో ఇద్దరం ఒకేసారి మాట్లాడాం.

జులైలో నన్ను తమ ఇంటి బేస్‌మెంటుకు రమ్మన్నారు, పార్కా తెచ్చుకోమన్నారు. తుపాకులు ఖాళీగా ఉన్నాయని ఇద్దరం చూసుకున్నాక, కోటు వేసి నా చేత రెడీమేడు రైఫిల్ ఎత్తించారు. చంకలో పట్టేసింది. నేను ఆయన కంటే నాలుగంగుళాలు పొట్టి. ఆయన టేపు తీసి నా మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా కొలుస్తుంటే, మెట్ల మీద కూర్చున్న ఆయన కూతురు పకపకా నవ్వింది.

"డాడ్, ఇట్స్ ఎ గన్, నాట్ ఎ బ్లౌజ్!"

"ఏదైనా చంక దగ్గరే పట్టేస్తుందమ్మా," అన్నారాయన తలెత్తకుండా.

లెక్క తేలింది. నా కొలతకు రెడీమేడు స్టాక్ ఇంకో ముప్పావు అంగుళం తగ్గాలి. కానీ ఆ ప్లాస్టిక్ లోపలంతా బోలు. ఇప్పటికే ఒకసారి కోసింది. ఇంకా కోస్తే చివర ప్యాడ్ బిగించే స్క్రూలకు పట్టు ఉండదు. కొత్తది చేయించుకుందామంటే గన్‌స్మిత్ దగ్గర ఇప్పటికీ రెండేళ్ల వరస.

"మరి ఫిబ్రవరి?" అన్నాను.

"కోటు మీద సరిపోయే తుపాకి లేకపోతే నువ్వు చూడ్డానికి రా, కొట్టడానికి కాదు. సరిగ్గా ఆనని తుపాకితో కొట్టి, గాయపడ్డదాన్ని అడవిలో వదిలి రాకూడదు."

ఆయన ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. తండ్రి వాడిన నీలం సుద్దబిళ్ల ఒకటి ఆయన జేబులో ఉండేది. దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, "చూద్దాం," అన్నారు. మేం కలుసుకోవడం అదే ఆఖరు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఆంటీ ఇంటికి తీసుకెళ్లారు. ఆమెకూ లైసెన్సు ఉంది. బీరువా తాళం తీసి, "ఒకటి నువ్వు తీసుకో. ఆయన అదే అన్నారు. ఏది కావాలో చెప్పు," అన్నారు.

నాకు తెలిసినవి తెలిసినట్టు చెప్పాను. రెడీమేడు కోయడానికి వీల్లేదు. కర్రది కోయవచ్చు. "కానీ దాన్ని కోయించడం అంకుల్‌కు ఇష్టం లేదు కదా, ఆంటీ."

"ఇష్టం లేక కాదు, చేతులు రాక. ఇన్నేళ్లలో మూడుసార్లు కారులో పెట్టుకుని ఆ గన్‌స్మిత్ దగ్గరికెళ్లారు. మూడుసార్లూ తుడిపించుకుని తెచ్చారు." ఆమె కొంచెం నవ్వారు. "అడిగితే, కాఫీ పెట్టు అనేవారు."

రైఫిల్ తీసి, ఖాళీదని చూపించి, నా చేతుల్లో పెట్టారు. స్టాక్ చివర, ఆ పొగచారలకు అడ్డంగా, సన్నటి నీలం గీత ఉంది.

"జులైలో నువ్వెళ్లాక గీశారు. చాలాసేపు పట్టింది."

టేపు అడిగి తీసుకుని కొలిచాను. గీత దగ్గర కోస్తే మిగిలే పొడవు నా కోటు కొలతే. ఆ రోజు బేస్‌మెంటులో తేలిన అంకె.

"ఇదే తీసుకుంటా, ఆంటీ," అన్నాను.

బదిలీ కాగితాలు పూర్తయ్యాయి. గీత చెరిగిపోకుండా ఆంటీ స్టాక్‌కు అంకుల్ పొట్టి చేతుల చొక్కా ఒకటి చుట్టి ఇచ్చారు. గన్‌స్మిత్‌కు ఫోన్ చేశాను. కోత చిన్న పనే, వరస అక్కర్లేదు, శనివారం రమ్మన్నాడు. బోల్ట్‌లో నూనె తుడిచి, చలికి పనికొచ్చేలా చేస్తానన్నాడు. కోటు తెచ్చుకోమన్నాడు. బయట ఇరవై ఏడు డిగ్రీలు. పార్కా ఇప్పటికే కారు వెనక సీట్లో ఉంది. శనివారం ఉదయం పది గంటలకు చొక్కా విప్పుతాం, కోటు మీద కొలత ఇంకోసారి సరిచూస్తాం, ఆ తరువాత రంపం నీలం గీత మీదికి వస్తుంది.