చిన్నాన్న దూకిన సినిమా

ఆ పాత ఫైటింగుల సినిమా ఇప్పటికీ నిలుస్తుందా అని ఈమధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. కొత్తగా శుభ్రం చేసి మళ్ళీ హాళ్ళలో వేశారు కదా, అందుకు. నా జవాబు మాత్రం ఎప్పుడూ మా చిన్నాన్న దగ్గరికే పోతుంది. అందులో మూడంతస్తుల గోడౌను మీద నుంచి హీరో దూకుతాడు. దూకింది హీరో కాదు, చిన్నాన్న. ఆయన మొన్న వానాకాలంలో పోయాడు.

తోటి ఫైటర్లు ఆయన్ని పిల్లి అనేవారు, ఎక్కడి నుంచి తోసినా కాళ్ళ మీదే పడతాడని. హీరో వేసుకున్న ఎర్ర చొక్కాలాంటిదే ఇంకొకటి, కాస్త వదులుగా, ఆయనకి కుట్టేవారు. లోపల నడుముకీ మోచేతులకీ దూది పట్టీలు కట్టుకోవాలి మరి. కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపులు వేసేవారు. ఆ పెట్టెల మూతలు అంటించకూడదు. అంటిస్తే లోపలి గాలి పోదు, పడ్డవాడు బంతిలా ఎగిరి నేల మీద పడతాడు. అందుకే ప్రతి పెట్టెనీ ఆయనే తట్టి చూసుకునేవాడు.

కొత్తగా చేరినవాళ్ళకి రెండే మాటలు చెప్పేవాడు. "ముఖం కనబడిందంటే హీరో చచ్చాడు. కళ్ళు మూశామంటే మనం చచ్చాం."

నడుం దెబ్బతిన్నాక పరుపుల కొట్టులో కుదిరాడు. "ఇన్నాళ్ళూ వీటి మీద పడి బతికాను, ఇక అమ్మి బతుకుతాను" అని నవ్వేవాడు. మేడ మెట్లు పక్కవాటుగా, గోడకి అరచెయ్యి ఆనించి దిగేవాడు. కొనడానికి ఎవరొచ్చినా గోడౌను కథ చెప్పనిదే పరుపు చుట్టేవాడు కాదు.

పిన్ని దగ్గర మాత్రం ఆ కథ చెల్లేది కాదు. టీవీలో ఆ సినిమా వస్తే వంటింట్లోంచి పరుగున వచ్చి తడి చేతులతోనే నిలబడి చూసేది. ఆ మసక బొమ్మలో కనబడేది ఒక ఎర్ర చొక్కా, ఒక వీపు.

"ఆ వీపు మీదేనని నేనెలా నమ్మేది?"

"ఇన్నేళ్ళు కాపురం చేసి వీపు గుర్తుపట్టలేవూ?"

"వీపుతోనా నేను కాపురం చేసింది? ఒక్కసారి ఇటు తిరిగితే మీ సొమ్మేం పోయింది?"

"సొమ్ము కాదే, పని పోయేది."

మేలమాడినట్టే అనేది గాని, ఆమెకి అది నిజంగా కొరతే. ఆ దూకడం పెళ్ళికి ముందు సంగతి. ఆ వయసులో ఆయన్ని ఆమె చూడలేదు. అప్పటి ఫొటో ఒక్కటీ ఇంట్లో లేదు.

"చొక్కా గుండీల దారాలు కూడా కనిపిస్తున్నాయట చిన్నాన్నా" అన్నాను, కొత్త ప్రింటు వచ్చిందని తెలిసి.

ఆయన ముఖం వాడిపోయింది. "అంత శుభ్రం చెయ్యమని ఎవడడిగాడ్రా?"

పిన్ని అప్పుడే కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

ముగ్గురం వెళ్ళాం. దాచడమెందుకు, సినిమా పాతబడింది. గుద్దు చెంపకి జానెడు దూరంలోనే ఆగిపోతోంది. తినాల్సినవాడు అంతకుముందే తల తిప్పేస్తున్నాడు. విలన్ గుహలో యంత్రాలన్నీ అట్టతో చేసినవని తెలిసిపోతోంది. మా ముందు వరస కాలేజీ పిల్లలు ప్రతి దెబ్బకీ నోటితో చప్పుడు చేసి నవ్వుతున్నారు. చిన్నాన్న కూడా వాళ్ళతోపాటు నవ్వాడు. గోడౌను కనబడగానే మానేసి, కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

ఎర్ర చొక్కా గాల్లోకి లేచింది. సగం దూరంలో ఒళ్ళు మెలి తిరిగింది. ఇన్నేళ్ళూ మసకలో కలిసిపోయిన ముఖం తేటగా కనబడింది. పాతికేళ్ళ కుర్రవాడు. పళ్ళు బిగించి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఒరేయ్, డూప్ రా! కళ్ళు మూసేసుకున్నాడు చూడు!"

ముందు వరస గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. అంత సినిమాలో నిజంగా భయపడ్డ మనిషి ఆయనొక్కడే.

ఇంటికొచ్చాక చిన్నాన్న చెప్పులు విప్పకుండానే మంచం మీద కూలబడ్డాడు.

"కళ్ళు తెరిచి దూకండ్రా అని ఎంతమందికి నేర్పానో" అన్నాడు.

పిన్ని ఆపుకోలేకపోయింది. "పిల్లి కళ్ళు మూసుకునే పాలు తాగిందన్నమాట."

"నీకు ఎగతాళిగా ఉందా? చెప్పుకోడానికి నాకున్నది ఆ ఒక్క పనే. అదీ చెడింది."

పిన్ని ఆయన పక్కన కూర్చుంది. "ఎగతాళికి కాదండీ" అంది. "మీసాలు లేకుండా మీరెలా ఉండేవారో నాకివాళ తెలిసింది. సరిగ్గా చూసేలోపే పడిపోయారు."

ఆ తర్వాత ఆయన సినిమా మాట ఎత్తనివ్వలేదు. కొట్టు యజమాని నాకు ఫోన్ చేసి, "మీ చిన్నాన్నకి ఒంట్లో బాగాలేదా? గోడౌను కథ చెప్పకుండానే పరుపులు అమ్మేస్తున్నాడు" అన్నాడు. చూసి పోదామని ఒక మధ్యాహ్నం వెళ్ళాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"తయారవు" అంటున్నాడు పిన్నితో.

"ఎక్కడికి?"

"సరిగ్గా చూడలేదన్నావుగా. రేపటితో తీసేస్తారట."

"మళ్ళీ నవ్వుతారేమోనండీ."

"నవ్వితే నవ్వనీ. కుర్రాళ్ళు నవ్వక ఏడుస్తారా? నువ్వూ రారా."

ఆవేళ మెట్లు దిగడానికి ఆయనకి ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది. హాల్లో ఎవరి తలా అడ్డురాని కుర్చీ వెతికి పిన్నిని కూర్చోబెట్టాడు. గోడౌను రాగానే ఆమె మోచెయ్యి తట్టాడు.

"ఇదిగో, ఇప్పుడే. సగం దూరం వచ్చాక చూడు."

పిన్ని ముందుకు వంగింది. హాల్లో ఆరోజు కూడా నవ్వారు. చిన్నాన్న తెర వైపు చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

"కనబడ్డానా?"

"ఊఁ" అంది పిన్ని, చూపు తిప్పకుండానే. "బాగానే ఉన్నారు."