రెండు చుక్కలు, కింద గీత

గుట్ట మీది క్షయ దవాఖానకు గోవిందమ్మ రోగిగా రాలేదు, రోగికి తల్లిగా వచ్చింది. తల్లులకు అక్కడ మంచం లేదు. అందుకని బట్టలుతికే పనికి కుదిరింది.

అది 1949. తాండూరులో ఆమెది చాకలి ఇల్లు. పద్నాలుగు ఇళ్ల బట్టలు ఆమె చేతుల మీదుగా తెల్లబడేవి. మూట విప్పగానే ఏ ఇంట్లో ఏం జరిగిందో ఆమెకు తెలిసిపోయేది. కొంగు నలిగిన తీరు చూసి ఏ కోడలు ఏడ్చిందో, తువ్వాలు వాసన చూసి ఏ ముసలాయనకు జ్వరం తిరగబెట్టిందో తెలిసేది. తెలిసింది ఎక్కడా చెప్పేది కాదు. కూతురికి మాత్రం అనేది, "మనుషులు దాస్తరు బిడ్డా. బట్ట దాయదు."

కూతురు బీరమ్మ. తండ్రి పోయాక ఇద్దరే ఒకరికొకరు. బీరమ్మ బడికి పోలేదు గానీ ఆమెకూ ఒక అక్షరమాల ఉంది. ఒక్కో ఇంటి బట్టకు ఒక్కో గుర్తు. నల్లజీడి గింజ రసంలో సూది ముంచి, బట్ట అంచు మీద చుక్కలో గీతలో పెడతారు. ఎన్ని ఉతుకులకైనా అది పోదు. ఎనిమిదేళ్లకే బీరమ్మ పద్నాలుగు ఇళ్ల గుర్తులూ తడుముకోకుండా గీసేది. తల్లి కుప్ప పోస్తే కూతురు కూర్చుని విడదీసేది, వడ్ల గింజలు ఏరే పిచ్చుకలాగ.

పదిహేడో ఏట దగ్గు పట్టుకుంది. దగ్గితే పడిన కళ్లెలో ఎర్రటి జీర కనబడిన రోజు గోవిందమ్మ ఇంటికి గొళ్లెం పెట్టి, కూతుర్ని రైలెక్కించి వికారాబాద్‌లో దింపి, ఎడ్లబండిలో గుట్ట ఎక్కించింది. బీరమ్మకు ఆడవాళ్ల వార్డులో చివరి నుంచి రెండో మంచం దొరికింది. గోవిందమ్మకు దవాఖాన వెనక రేకుల కొట్టం దొరికింది. ఆ కొట్టంలోనే కాపురం. ఆ కొట్టంలోనే బట్టలుతికే మిషను.

దాన్ని ఎవరో తెల్లదొర దేశం విడిచి పోతూ ఇచ్చి పోయాడట. పెద్ద కొయ్య పీపా, దాని లోపల రాగి రేకు. పక్కన చేత్తో తిప్పే చక్రం, చక్రానికీ పీపాకూ నడుమ తోలు పట్టా. పైన బట్టలు పిండడానికి రెండు రబ్బరు రోలర్లు. అడుగున మురికినీళ్లు పోయే గొట్టం.

స్టోరు చూసే పాండురంగం మొదటి రోజే చెప్పాడు.

"సూడు గోవిందమ్మా. ఇది నడిచినన్ని దినాలే నీ పని. ఆగిందనుకో, బట్టలన్ని కింద వికారాబాద్ కాంట్రాక్టర్‌కు పోతయి. నువ్వు తాండూరు బండెక్కుతవు."

"చెడిపోతే బాగు జేసేటోడు లేడా సారూ?"

"ఉన్నడు, రైల్వేల. పిలిస్తే నెలకొస్తడు. వస్తే చాయ్ తాగి పోతడు."

గోవిందమ్మ మిషను వైపు చూసింది. తనకూ తన బిడ్డకూ నడుమ ఉన్నది ఈ కొయ్య పీపానే అని ఆమెకు అర్థమైంది. ఇది తిరిగితే తను బిడ్డకు కేకంత దూరంలో ఉంటుంది. ఆగితే తాండూరంత దూరం.

మొదటి వారమే అది తన గుణం చూపించింది. చక్రం తిప్పితే ఊగి, గంతులేసి, మెల్లగా గోడ దాకా నడిచిపోయేది. గోవిందమ్మ చక్రం వదిలేసి నేల మీద చెంప ఆనించి చూసింది. మిషను కాలు ఒకటి గుంటలో ఉంది. తాండూరు బండ పెచ్చు ఒకటి వెతికి తెచ్చి దాని కింద తోసింది. తడి దుప్పట్లన్నీ ఒక పక్కకు ముద్ద కాకుండా, ఒక దుప్పటికి నాలుగు తువ్వాళ్లు కలిపి వేయడం నేర్చుకుంది. మిషను నిలబడింది.

ఎండాకాలం పీపా కారింది. తారు పూయమన్నారు అందరూ. ఆమె మాత్రం, ఎండిన కొయ్యకు దాహమైందని, రెండు రోజులు నిండా నీళ్లు పోసి ఉంచింది. కొయ్య ఉబ్బి సందులు మూసుకున్నాయి. పట్టా జారితే గుగ్గిలం పొడి చల్లింది. చక్రం కీచుమంటే ఇరుసుకు ఆముదం పెట్టింది. గొట్టం అతుకు దగ్గర నీరు ఊరితే పాత చెప్పు తోలును గుండ్రంగా కోసి బిగించింది.

"గోవిందమ్మా, నా చెప్పొకటి కనబడుతలేదు. నీ మిషను గిట్ల తొడుక్కున్నదా?" అన్నాడు పాండురంగం.

"రెండోది గూడ ఇయ్యి సారూ. ఒక కాలుకే తొడుక్కుంటే కుంటుతది."

అతను నవ్వాడు. అప్పటి నుంచి మేస్త్రమ్మా అని పిలిచేవాడు.

దవాఖానలో ఒక కట్టడి ఉంది. బట్టలుతికేవాళ్లు వార్డులోకి పోకూడదు. వార్డు సంగతులు నర్సులు బయట చెప్పకూడదు. ఆదివారం సాయంత్రం ఒక్కసారి, వరండా కటకటాలకు ఇవతల నిలబడి చూడొచ్చు. బీరమ్మ అవతల కుర్చీలో కూర్చునేది, శాలువా గడ్డం దాకా కప్పుకుని. పొద్దు వాలే వెలుగులో చెంపలు ఎర్రగా మెరిసేవి. అది జ్వరం ఎరుపు. తల్లి కంటికి అది ఆరోగ్యంలా కనబడింది.

"ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగనే ఉన్న అవ్వా. దగ్గు గూడ తక్కువైంది. నీ మిషను ఎట్లున్నది?"

"దానికేం రోగం, దుక్క లెక్క ఉన్నది."

కానీ మాటల్ని నమ్మే మనిషి కాదు గోవిందమ్మ. ఆమెకు నమ్మకం సోమవారం పొద్దున గంపలో వచ్చేది. దిండు గలీబులు, తువ్వాళ్లు, దగ్గుగుడ్డలు ఏ రోగివి ఆ రోగికే తిరిగి పోవాలి కాబట్టి, వాటి అంచున తనే గుర్తులు పెట్టింది. బీరమ్మకు రెండు చుక్కలు, కింద గీత. పక్క మంచం బషీరాబాద్ పిల్ల ఖుర్షీద్‌కు కొక్కెం.

గంప రాగానే రెండు చుక్కల కోసం వెతికేది. కొంచెం చెమట, కొంచెం తలనూనె, అంతే. ఎరుపు లేదు. ఊపిరి పీల్చుకునేది. ఆ వెనకే కొక్కెం గుర్తు గుడ్డలు. వాటి నిండా ఎరుపు. పొద్దు వాలే వేళకు ముడుచుకున్న పూలలాగ, ఎండి గట్టిపడి ఉండేవి.

వాటిని వేరుగా చల్లనీళ్లలో ఉప్పు వేసి నానబెట్టేది. వేన్నీళ్లు తగిలితే రక్తం బట్టను పట్టుకుని వదలదు. నీళ్లు మెల్లగా ఎర్రబడుతుంటే చూస్తూ కూర్చునేది. నా బిడ్డది కాదు, అనుకునేది. అనుకున్న వెంటనే సిగ్గుపడేది. ఆ పిల్లకు మాత్రం తల్లి లేదా? ఆ సిగ్గుకే తనకిచ్చే చాయ్ పాలు గిన్నెలో పోసి, గంప మోసే మనిషి చేత రోజూ ఖుర్షీద్‌కు పంపేది.

పది నెలలు గడిచాయి. 1950 వానకాలం వచ్చింది. మబ్బు గుట్ట మీదికి దిగి వరండాల్లో తిరిగే కాలం. ఒక బుధవారం మిషను నీళ్లు వదలడం మానేసింది. నలభై మంది దుప్పట్లు నల్లటి నీళ్లలో మునిగి ఉన్నాయి. చక్రం కదల్లేదు.

పాండురంగం గొడుగు ముడుస్తూ వచ్చి చూశాడు. ఈసారి మేస్త్రమ్మా అనలేదు.

"పెద్ద డాక్టర్ అడుగుతున్నడు. రేపు పొద్దున కాంట్రాక్టర్ బండి పైకొస్తది గోవిందమ్మా. నా చేతుల లేదు."

"పొద్దుగూకే దాక టైమియ్యి."

"ఇచ్చి ఏం జేస్తవు?"

"నా బిడ్డకు పది దినాల్ల నయమైతది సారూ. గుడ్డలు చెప్తున్నయి. గీ పది దినాలు నన్ను ఈడ ఉండనియ్యి."

అతను తల ఊపి, గొడుగు విప్పుకుని వానలోకి దిగాడు.

ఆమె చెంబుతో నీళ్లన్నీ తోడిపోసింది. తడి నేల మీద వెల్లకిలా పడుకుని గొట్టంలోకి చెయ్యి దూర్చింది. మోచేతి దాకా పోయి ఆగిపోయింది. వేలి కొసకు మెత్తగా, జిగటగా ఏదో తగిలింది. పేరుకున్న సబ్బు. సోడా కలిపిన వేన్నీళ్లు పోసి, అది కరిగే దాకా ఆగింది. తర్వాత వెదురు బద్ద కొస చీల్చి, మెలి తిప్పుతూ లోపలికి పంపి లాగింది. మొదట దారపు ముద్ద వచ్చింది, ఎలుక పిల్లంత. దానికి చిక్కుకుని గుండీలు, పిన్నులు, ఎవరిదో తాయెత్తు, ఆడవాళ్ల పొడుగాటి వెంట్రుకలు. గొట్టం గుటకేసినట్టు చప్పుడు చేసి నీళ్లను మింగింది.

మూడింటికల్లా చక్రం తిరిగింది. పాండురంగం వచ్చి, పారుతున్న నీళ్లను చూసి, గొడుగు చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు.

"బండి వద్దని చెప్తపో మేస్త్రమ్మా. నీతోని ఎవడు గెలుస్తడు?"

గోవిందమ్మ చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే, మరుసటి పొద్దున ఒక పిల్ల కొట్టం గుమ్మంలో నిలబడింది. చేతిలో రేకు పెట్టె. గుండ్రటి చెంపలు. మెట్లెక్కి వచ్చినా ఆయాసం లేదు.

"పెద్దమ్మా, నేను ఖుర్షీద్‌ను. నయమైందని ఛుట్టీ ఇచ్చిన్రు. మా అన్న కింద బండి పెట్టుకోని ఉన్నడు. నీకు చెప్పి పోదామని వచ్చిన."

గోవిందమ్మ చేతిలోని తువ్వాలు నీళ్లలోకి జారింది.

"నీకు ఛుట్టీనా? మొన్న సోమవారం గూడ నీ గుడ్డలు నిండ..."

ఖుర్షీద్ తల వంచుకుంది. గోవిందమ్మ ఆ పిల్ల మొహాన్ని తన రెండు తడి చేతులతో పైకెత్తింది. ఏ మరకా దాచలేని మొహం అది.

"నన్ను మాఫ్ చెయ్యి పెద్దమ్మా. బీరమ్మ ఒట్టేయించుకున్నది. నా గలీబు అది తీసుకునేది, దానిది నాకిచ్చేది. గుడ్డలు గూడ. 'మా అవ్వ నన్ను సూడదు, గుడ్డను సూస్తది' అనేది."

"మరి పాలు?"

"దానికి పోస్తే తాగకపోయేది. వాసన పడుతలేదు అనేది. నన్నే తాగమనేది." ఖుర్షీద్ ఏడ్చింది. "నేనే తాగిన పెద్దమ్మా. అన్నీ నేనే తాగిన."

గోవిందమ్మ ఆ పిల్లను కసురుకోలేదు. తల నిమిరింది. "పో బిడ్డా. మీ అన్న వానల తడుస్తడు," అంది. ఆ పిల్ల మలుపు తిరిగే దాకా నిలబడింది. తర్వాత వార్డు వైపు పరుగెత్తింది.

గుమ్మంలో నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. గోవిందమ్మ ఆగలేదు. చివరి నుంచి రెండో మంచం. పది నెలల్లో మొదటిసారి చెయ్యి ఆనేంత దగ్గరగా బీరమ్మ. శాలువా లేదు. గొంతు దగ్గర ఎముకలు, తాళ్ల మీద ఏదో ఆరేసినట్టు చర్మం. కళ్లు మాత్రం పెద్దవై, నీళ్లలో దీపాల్లాగ ఉన్నాయి.

బీరమ్మ తల్లి మొహం చూసింది. తల్లికి అంతా తెలిసిపోయిందని గ్రహించింది.

"ఖుర్షీద్ కడుపుల మాట దాగదు," అంది.

"ఎందుకు జేస్తివే?"

"చెప్తే నువ్వు తిప్పకపోదువు అవ్వా ఆ చక్రం. కూసోని ఏడుద్దువు. నిన్ను తాండూరు పంపుదురు." దగ్గు వచ్చింది. దిండు కింద నుంచి గుడ్డ తీసుకుని, అలవాటుగా, తల్లికి కనబడకుండా అటు తిరిగింది.

గోవిందమ్మ ఆ గుడ్డ తీసుకుని పక్కన పెట్టి, బిడ్డ నోరు తన కొంగుతో తుడిచింది.

పాండురంగం గొడుగు లేకుండా తడుస్తూ వచ్చాడు. మంచం పట్టె మీద కూర్చున్న గోవిందమ్మను చూసి గుమ్మంలోనే ఆగాడు.

"కాంట్రాక్టర్‌ను పిలుచుకో సారూ," అంది గోవిందమ్మ తల తిప్పకుండా. "నేను రాను."

"పనోళ్లు లోపల ఉండొద్దని రూలుంది గోవిందమ్మా."

"పని ఇడిసిపెట్టిన. ఇగ నేను పనిదాన్ని గాను."

అతను పెద్ద డాక్టర్ గదిలోకి పోయి ఏం మాట్లాడాడో తెలియదు. ఖుర్షీద్ ఖాళీ చేసిన మంచం ఆ రోజుల్లో ఎవరికీ ఇవ్వలేదు. గోవిందమ్మ ఒక కునుకు తీయడానికి కూడా ఆ మంచం ఎక్కలేదు. ఒక చెయ్యి బిడ్డ వీపు కింద పెట్టి, దగ్గు వచ్చినప్పుడల్లా లేవనెత్తుతూ కూర్చుంది. లేపిన ప్రతిసారీ బరువు తక్కువగా ఉండేది.

పదకొండో రోజు మధ్యాహ్నం వాన వెలిసింది. బీరమ్మ కళ్లు తెరిచింది.

"అవ్వా, నా మీద కోపమా?"

"కోపమే."

"శానానా?"

"శానా."

బీరమ్మ కొంచెం నవ్వింది. "గట్లనే ఉండు. నేను పోయినంక గూడ కోపంగనే ఉండు. కోపముంటే ఏడ్పు రాదు."

పొద్దు గూకక ముందే పోయింది.

మరునాడు సాయంత్రం వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు బండి కోసం జనం కూర్చున్నారు. గోవిందమ్మ ఒక బెంచీ చివర కూర్చుంది. పక్కన కూరగాయల గంప పెట్టుకున్న ఒక ఆమె తమలపాకు తుంచి ఇస్తూ పలకరించింది.

"గుట్ట మీదికెళ్లి వస్తున్నవా అక్కా? ఎవరున్నరు ఆడ?"

"నా బిడ్డ."

"అయ్యో, ఇడిసిపెట్టి పోతున్నవా మరి?"

గోవిందమ్మ పట్టాల వైపు చూసింది. పెదవులు బిగించింది.

"మాట్లాడుతలేను దాంతోని," అంది. "కోపమొచ్చింది."

గంపామె నవ్వింది. "తల్లీబిడ్డల కోపం ఎన్ని దినాలుంటది తియ్యి. రెండు దినాలు పోతే నువ్వే మళ్ల ఉరుక్కుంట వస్తవు."

గోవిందమ్మ తల ఊపింది. తమలపాకు చేతిలోనే ఉంది. బండి వచ్చి ఆగింది, ఎక్కేవాళ్లు ఎక్కారు, గార్డు జెండా ఊపాడు. ఆమె బెంచీ మీదే కూర్చుని ఇంకా తల ఊపుతూనే ఉంది.