తౌడును ఎగిరించిన హెడ్‌ఫోన్

పోయిన వారం అన్న ఫోన్ చేశాడు. అన్న ఫోన్‌లో హలో అనడం, ఎట్లున్నవ్ అనడం ఉండవు. నేను చెప్పే జవాబు ఎలాగూ వినబడదు కాబట్టి ప్రశ్నలు దండగని ఆయన ఉద్దేశం. "తమ్మీ, పాతది పోయింది. ఇంకోటి చూడు. బేస్ గట్టిగుండాలె, రేటు మెత్తగుండాలె" అని పెట్టేశాడు. ఆ సాయంత్రం ఫోన్ తెర మీద హెడ్‌ఫోన్ల బొమ్మలు జరుపుకుంటూ కూర్చున్నాను. ఒక్కోదాని కింద వందలమంది రాసిన అభిప్రాయాలు. బేస్ అద్భుతం అని ఒకడు, బేసే లేదని ఇంకొకడు, డబ్బా నలిగి వచ్చిందని మూడోవాడు. అందరూ పండితులే. కానీ ఒక్కడంటే ఒక్కడు కూడా దాని మీద తౌడు పోసి చూసినట్టు రాయలేదు. ఇంత అజ్ఞానంలో లోకం ఎలా హెడ్‌ఫోన్లు కొంటోందో నాకు అర్థం కాలేదు.

అన్న అంటే మా పెద్దనాన్న కొడుకు, అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. బాన్సువాడలో బీర్కూర్ వెళ్ళే రోడ్డు మీద ఒక రైస్ మిల్లులో ఆపరేటరు. ఇప్పుడు యాభై దాటాడు గాని, నేను చెప్పబోయే రోజుల్లో ఆయనకు ఇరవై ఎనిమిది, నాకు పదిహేడు. రెండు వేల సంవత్సరంలో లోకం అంతమవుతుందని అందరినీ భయపెట్టి, తీరా అంతం కాకుండా పోయిన కొత్త. లోకం అంతమైతే ఇంటర్ పరీక్షలుండవని ఆశపడ్డ నాలాంటివాళ్ళ బాధ ఎవరికీ పట్టలేదు. కాలేజీ అయ్యాక నేను నేరుగా మిల్లుకే పోయేవాణ్ణి. మిల్లు నడుస్తుంటే లోపల ఎవరి మాటా ఎవరికీ వినబడదు. రేకుల సందుల్లోంచి పడే ఎండలో తౌడు దుమ్ము బంగారు రంగులో తేలుతుండేది. ఆ వెలుగులో అన్న మిషన్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఏదో దైవధ్యానం అనుకునేరు. మిషన్‌లో వడ్లు అయిపోతున్నాయా, రబ్బరు అరిగిందా, ఎక్కడైనా రాయి పడిందా అన్నీ ఆయనకు అరచేతితోనే తెలిసేవి. చెవులున్న మనిషి చేతితో ఎందుకు వింటున్నాడని నాకు అప్పుడు తోచలేదు. తోచి ఉంటే ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పేవాణ్ణి కాదు.

ఇక పాట సంగతి. మా పక్కింటాయన దుబాయి నుంచి సెలవు మీద వచ్చి, అందరికీ పులిబొమ్మ రగ్గులు, సెంటు సీసాలు పంచి, అన్నకు మాత్రం ఒక క్యాసెట్టు ఇచ్చాడు. దాని మీద పేరు లేదు, బొమ్మ లేదు. లోపల పాడేవాడూ లేడు. గంట సేపు మిషన్‌తో చేసిన సంగీతం. కింద నేల నుంచి వచ్చినట్టు ఒక దెబ్బ, దాని మీద పొగమంచులాగా ఏవేవో శబ్దాలు. అన్నకు అది ప్రాణం. ఇంట్లో టేప్‌రికార్డర్ మీద పెట్టి, దాని డబ్బాకు వీపు ఆనించి కూర్చునేవాడు. మా నానమ్మ, అంటే మా అవ్వ, వసారాలో నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని బీడీలు చేసేది. మొదటి రోజే అడిగింది: "పాడేటోడు రాలేదా గా దినం?"

అవ్వకు సంగీతంతో తగాదా లేదు. తగాదా వేగంతో. ఆ దెబ్బ వినబడితే నలుగురు ఆడవాళ్ళ వేళ్ళూ దానితోపాటే పరుగెత్తేవి. ఎవరూ కావాలని చేసేది కాదు. చేటలో ఆకు, తంబాకు, దారం అన్నీ ఒకే ఊపులో కదిలేవి. చూడ్డానికి ఏదో వాద్యబృందంలా ఉండేది గాని, బీడీలు వంకరగా వచ్చేవి. వంకర బీడీలను కార్ఖానావాళ్ళు పక్కకు తీసేస్తారు. వారం తిరక్కుండా అవ్వ తీర్పు చెప్పింది: "గీ దుబ్బు దుబ్బుకు నా చెయ్యి ఉరుకుతున్నది. నీ చెవులల్లనే పెట్టుకో, మా చేతులల్ల పెట్టకు." అవ్వ గొంతు చాలా సన్నం, సూది మొన లాంటిది. అన్న తల కూడా తిప్పకుండా పాట వింటూనే ఉన్నాడు. అంత ధైర్యం మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. నేను లోలోపల దండం పెట్టుకున్నాను. తీర్పును ఆయనకు మళ్ళీ గట్టిగా చెప్పింది మా బాపు, అంటే నాన్న.

అలా హెడ్‌ఫోన్ల అవసరం పడింది. బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేస్తూ క్యాసెట్లు కూడా నింపే భాయ్ దుకాణంలో, మేకులకు మూడు రకాల హెడ్‌ఫోన్లు వేలాడుతుండేవి. ఒకటి పెద్దది, నల్లగా మెరిసేది, ధర వినగానే మనమే మేకుకు వేలాడతాం. రెండోది మధ్యరకం. మూడోది చవకది, చెవికి ఆనే స్పాంజి పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపోయింది.

"ఏది గావాలె భాయ్? గిది పెట్టుకుంటే దిమాక్ కదిలిపోతది" అన్నాడు దుకాణం భాయ్ నల్లదాన్ని దించుతూ.

"వీనికి కదిలేటంత లేదు గాని, నాకు జూపియ్" అన్నాడు అన్న నన్ను చూపించి.

తరువాత అన్న చేసిన పని బాన్సువాడ చరిత్రలో అంతకు ముందు ఎవరూ చేసి ఉండరు. చొక్కా జేబులోంచి ఒక పల్చటి గులాబీరంగు కాగితం తీశాడు. అవ్వ బీడీకట్టలకు చుట్టే కాగితం. దాన్ని హెడ్‌ఫోన్ చెవి మీద బిగుతుగా పరిచి, దారంతో చుట్టాడు. రెండో జేబులోంచి పొట్లం విప్పి, చిటికెడు తౌడు ఆ కాగితం మీద చల్లాడు. మన క్యాసెట్టు పెట్టించి, సౌండు పెంచమన్నాడు. దెబ్బ పడ్డప్పుడల్లా తౌడు లేచి గంతులేసింది. దుకాణం భాయ్ చేతిలో గడియారం, కంటికి భూతద్దం, అలాగే నిలబడిపోయాడు. నల్లదాని మీద తౌడు కొంచెం లేచింది. మధ్యరకం మీద బద్ధకంగా కదిలింది. చవకదాని మీద మాత్రం ఎగిరి భాయ్ మీసాల మీద పడింది.

"గిదే" అన్నాడు అన్న.

"దానికి స్పాంజి లేదన్నా. చెవికి కుదరదు. గాలి పోయి బేస్ బయటికే పోతది" అన్నాడు భాయ్. నిజాయితీపరుడు. అలాంటివాళ్ళు దుకాణం పెట్టకూడదు.

"గాలి పోకుంట నేను జూసుకుంట" అన్నాడు అన్న. ఆ సాయంత్రం అవ్వ పాత బొంత విప్పి, దూది పెట్టి, చుట్టకుదురుల్లాంటి రెండు గుడ్డ వలయాలు కుట్టించుకున్నాడు. అవి తొడిగితే హెడ్‌ఫోన్ చెవిని బావి మూతలా మూసేసింది. నల్లదాని ధరలో నాలుగోవంతుకు నల్లదాన్ని మించిన దెబ్బ. ఈ కబురు ఊరంతా పాకి, నెల లోపల కాలేజీ పిల్లలంతా హెడ్‌ఫోన్లు కొనేముందు అన్నను దుకాణానికి తీసుకుపోవడం మొదలైంది. ఆయన తౌడు చల్లి ఊ అంటే కొనేవాళ్ళు, ఊహూ అంటే వదిలేసేవాళ్ళు. నేను పక్కన బీడీ కాగితం పట్టుకుని నిలబడేవాణ్ణి, ఆస్థాన విద్వాంసుడి వెనక వింజామర పట్టేవాడిలాగా.

ఒకరోజు మూడు గంటలప్పుడు కరెంటు పోయింది. మిల్లు ఒక్కసారిగా ఆగిపోతే చెవుల్లో ఎవరో దుప్పటి పరిచినట్టుంటుంది. మిల్లు వెనక ఊక కుప్ప ఇల్లంత ఎత్తు. ఎండకు వెచ్చగా, మెత్తగా ఉంటుంది. దాని మీద వెల్లకిలా పడుకున్నాం. ఎక్కడో బెల్లం వండుతున్న వాసన, పైన గద్ద ఒకటి తిరగడానికి కూడా బద్ధకపడుతూ తిరుగుతోంది. అన్న బ్యాటరీ వాక్‌మన్ పెట్టి, హెడ్‌ఫోన్ నాకు తొడిగాడు. అంతవరకు ఆ పాటను నేను బొంత వలయాలతో వినలేదు. ఆ దెబ్బ ఊక కుప్ప లోపలి నుంచి, నేల లోపలి నుంచి, నా పక్కటెముకల లోపలి నుంచి వచ్చింది. నేను కొంచెం పైకి తేలిన మాట నిజం. ఊక జారిందని తరువాత తెలిసింది.

"ఎట్లున్నది?" అని అడిగాడు అన్న.

"దెబ్బ మస్తున్నది గాని, నాకు గా గజ్జెల చప్పుడు నచ్చింది" అన్నాను.

"ఏం గజ్జెలు?"

"మొదటికెల్లి చివరిదాంక సన్నగ మోగుతున్నయ్ గదనే, చిన్న పోరి ఉరికినట్టు."

అన్న హెడ్‌ఫోన్ లాక్కుని పెట్టుకున్నాడు. సౌండు పూర్తిగా పెంచాడు. పక్కనున్న నాకు కూడా గజ్జెలు వినబడుతున్నాయి. ఆ క్యాసెట్టును ఆయన అప్పటికే కొన్ని వందలసార్లు విని ఉంటాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. తరువాత హెడ్‌ఫోన్ తీసి ఊక మీద పెట్టాడు. నేను జోకు వేద్దామని నోరు తెరిచి, ఆయన ముఖం చూసి మూసుకున్నాను. నా జీవితంలో నేను వేయని జోకు అదొక్కటే.

"పిట్టలు కూడ లేవు తమ్మీ, రెండు మూడేండ్ల సంది" అన్నాడు. "పిట్టలు పోయినయ్ అనుకున్న. నేనే పోయిన్నా?" గుప్పెడు ఊక తీసి జారవిడుస్తూ అన్నాడు: "ఇంట్ల చెప్పకు. ఓనర్‌కు తెలిస్తే మిషన్ మీదికెల్లి దించుతడు. పని లేనోనికి పిల్లనెవ్వడిస్తడు?"

అప్పుడు నాకు అన్నీ ఒక్కొక్కటిగా కుదురుకున్నాయి. మిషన్ మీద అరచెయ్యి. డబ్బాకు ఆనించిన వీపు. తౌడు. అవ్వ మాటలకు బెదరని ఆ ధైర్యం. ఊరందరికీ బేస్ చూసిపెట్టిన మనిషికి బేస్ తప్ప ఇంకేమీ మిగల్లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. అప్పటికి అన్నకు పెళ్ళికని ముగ్గురు పిల్లల్ని చూశారు. ముగ్గురినీ "పిల్ల మాట్లాడలే" అని కాదన్నాడు. "నోరులేని పిల్లల్నే వెతికి తెస్తుండ్రా ఏంది?" అని అవ్వ పెళ్ళిళ్ళ పేరయ్యను తిట్టింది. పాపం ఆ ముగ్గురూ మాట్లాడారు, నేను విన్నాను. సిగ్గుతో సన్నగా, గజ్జెల్లాగా మాట్లాడారు.

నాలుగో సంబంధం మహమ్మద్ నగర్. నేను అన్న పక్కనే కూర్చోవాలని, పిల్ల అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు మోకాలితో తట్టాలని ఒప్పందం. ఇంత బాధ్యత నాకు ఇంటర్ బోర్డు కూడా అప్పజెప్పలేదు. తీరా పోయాక తట్టడానికేమీ దొరకలేదు. పిల్లను నోరు విప్పనివ్వకుండా ఆమె మేనత్తే అన్నిటికీ జవాబు చెప్తోంది. పేరేంటని అవ్వ అడిగితే మేనత్త చెప్పింది. చదువడిగితే మేనత్త చెప్పింది. వంట వచ్చా అంటే మేనత్తకు వచ్చినట్టే చెప్పింది. అన్న ముఖం నాలుగోసారి వాడిపోవడం మొదలైంది. అప్పుడు బల్ల మీద ఆయన పెట్టిన చాయ్ గ్లాసును చూసి, పిల్ల ఉండబట్టలేక అంది:

"గ్లాసు అంచుకున్నది. పడ్తది."

ఆ గొంతు బావి అడుగు నుంచి డప్పు మోగినట్టుంది. మా బాపు ఆ మాటన్న మగమనిషి ఎవరా అని గుమ్మం వైపు చూశాడు. మేనత్త ముఖం తెల్లబోయింది. ఆ గొంతు విని అంతకు ముందు రెండు సంబంధాలవాళ్ళు లేచి వెళ్ళిపోయారట. కానీ అన్న నేను తట్టకుండానే, అందరికంటే ముందు తల తిప్పాడు. గ్లాసు లోపలికి జరిపాడు. తరువాత ఆమె వైపు చూసిన చూపును నేను అంతకు ముందు ఒకేచోట చూశాను, చవక హెడ్‌ఫోన్ మీద తౌడు ఎగిరినప్పుడు.

పిల్లతో ఒక్క మాట మాట్లాడాలన్నాడు. ఇద్దరినీ పక్కగదిలోకి పంపారు. రహస్యంగా మాట్లాడుతున్నాననే అన్న అనుకున్నాడు. వినబడని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా.

"నాకు సన్న చప్పుళ్ళు వినబడయ్. మిల్లు తినేసింది. ఇంట్ల ఎవ్వరికి తెల్వదు" అన్నాడు. ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

"నాకు సన్న గొంతు లేదు. గది ఊరందరికి తెలుసు" అంది లోపలి డప్పు. "ఇంకేమన్న ఉన్నదా?"

ఇంకేమీ లేదు. వసారాలో అందరూ అవ్వ వైపు చూస్తున్నారు. మనవడు చెవిటివాడని ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. అవ్వ తమలపాకు ఈనె తీస్తూ లెక్క వేసుకుంటున్నట్టుగా, "అయితే గిన్నేండ్ల సంది నేను తిట్టిన తిట్లన్ని పొల్లుకే పోయినయా?" అంది. పిల్ల ఇంటివాళ్ళు కూడా నవ్వారు. సంబంధం ఆ నవ్వు మీదే ఖాయమైంది. మిల్లు ఓనరు కోస్తా నుంచి వచ్చి, అటువాళ్ళు కట్టుకున్న ఊరైన క్యాంపులో స్థిరపడ్డ పెద్దాయన. అన్న ధైర్యం చేసి ఆయనకూ చెప్పేశాడు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని రెండుసార్లు చెప్పించుకుని, "నాకూ అంతేనయ్యా, పోయి మిషన్ చూసుకో" అన్నాడు.

వదిన వచ్చాక ఇంట్లో అన్నకు వినబడనిదంటూ లేకుండా పోయింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాట వింటున్నా వంటింట్లోంచి ఆమె పిలిస్తే ఉలిక్కిపడి లేచేవాడు. అంత బేస్ ఏ కంపెనీవాడూ చేయలేదు. హెడ్‌ఫోన్లు మారినప్పుడల్లా మాత్రం అన్న నన్ను పిలవడం మానలేదు. పరీక్ష ఇద్దరం పంచుకున్నాం. "గజ్జెలు నువ్విను, దెబ్బ నేను వింట" అనేవాడు. క్యాసెట్టు అరిగిపోకముందే ఆ పాటను సీడీలోకి, సీడీ నుంచి ఫోన్‌లోకి నేనే ఎక్కించాను.

నిన్న ఆదివారం కొత్త హెడ్‌ఫోన్ పట్టుకుని బాన్సువాడ పోయాను. చవకదే, స్పాంజి మాత్రం ఉంది. అన్న అలవాటు ప్రకారం ముందు నాకే తొడిగాడు. దెబ్బ అదే దెబ్బ. ఊక కుప్ప, ఎండ, బద్ధకపు గద్ద అన్నీ వచ్చి కూర్చున్నాయి. గజ్జెల కోసం చూశాను. సౌండు పెంచాను. కళ్ళు మూసుకున్నాను. పాట సగానికి వచ్చింది, గజ్జెలు రాలేదు. హెడ్‌ఫోన్ మంచిది కాదేమో అనుకుని పాతది కూడా అతుకేసి పెట్టి చూశాను. నాకు నలభై దాటిందని ఎవరూ గుర్తు చేయలేదు.

"గజ్జెలున్నయా?" అని అడిగాడు అన్న.

"ఉన్నయే" అన్నాను, ఆయనకు వినబడేంత లావు గొంతుతో.

అన్న తృప్తిగా తల ఊపి, హెడ్‌ఫోన్ తీసుకుని పెట్టుకున్నాడు. వదిన చాయ్ గ్లాసు తెచ్చి, బల్ల అంచుకు దూరంగా పెట్టింది. కాలం పట్టుకుపోయేవన్నీ చప్పుడు చేయకుండానే పట్టుకుపోతుంది. ఆ చిన్న పోరి మాత్రం మా ఇద్దరికీ తెలియకుండా ఆ పాటలో ఇంకా ఎక్కడో పరుగెత్తుతూనే ఉండి ఉంటుంది.