నేను కొట్టని గంట

"కొట్టింది నువ్వే సత్తెమ్మా. ఇంకెవరు కొడ్తరు? గంట నీ డ్యూటీ."

"నా డ్యూటీనే సార్. అందుకే చెప్తున్న, నేను కొట్టలే."

"కాలేజంత విన్నది. నేను విన్న. మరి దయ్యం కొట్టిందా?"

"నేను గూడ విన్న సార్. వినుడు వేరు, కొట్టుడు వేరు."

ప్రిన్సిపాల్ సారు ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. పొరపాటున అర్ధగంట ముందే గంట కొట్టానని రాసి సంతకం పెట్టమన్నాడు. "గంతే. ఐపోతది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చెయ్యని పనికి సంతకం పెట్టుడు నాతోని కాదన్నాను. పక్క గదిలో గుమాస్తాలు రాయడం ఆపి వినేంత గట్టిగా అన్నాను.

తెలంగాణ వచ్చిన కొద్ది ఏండ్లకు నన్ను నల్లగొండ నుంచి సాగర్ ఎడమ కాలువ కింది ఒక డిగ్రీ కాలేజీకి బదిలీ చేశారు. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. హాలియా బస్సెక్కేవాళ్ళకు తెలిసిన ఊరే. నా హోదా ఆఫీస్ సబార్డినేట్. కాగితం మీద అంత పెద్ద పేరున్నా, అందరూ పిలిచేది అటెండరనే. మూడో తరగతితో బడి మానినదాన్ని. నా భర్త కాలేజీల శాఖలోనే వాచ్‌మన్‌గా చేస్తూ చనిపోతే, కారుణ్య నియామకం కింద స్వీపర్‌గా చేరి, ప్రమోషన్ మీద అటెండర్నయ్యాను. గదుల తాళాలు తీయడం, ఫైళ్ళు మోయడం, డ్రమ్ములో నీళ్ళు నింపడం, ఎవరూ లేని గదుల్లో తిరిగే ఫ్యాన్లు ఆపడం నా పని. అన్నిటికంటే ముఖ్యమైనది గంట.

మా గంట అంటే వరండా దూలానికి గొలుసుతో వేలాడదీసిన రైలుపట్టా ముక్క. పక్కనే మేకుకు ఇనుప రాడ్డు. పీరియడు మారితే లెక్కకు దెబ్బలు కొట్టాలి. కాలేజీ విడిస్తే, లేదా పరీక్ష టైమైపోతే, ఆపకుండా లాంగ్ బెల్లు. పరీక్ష హాల్లో లాంగ్ బెల్లు మోగితే ఇన్విజిలేటర్ కాగితాలు తీసుకోవాలి. గోడ మీద గడియారం ఉన్నా, చేతికి వాచీ ఉన్నా, నడిచేది గంట మీదే. అంటే నా చేతి మీద. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి జ్వరం వచ్చినా టైము తప్పలేదు.

బీఏలో తత్వశాస్త్రం గ్రూపు ఒకటుండేది. కోరి చేరినవాళ్ళు తక్కువ, వేరే గ్రూపులో సీటు దొరక్క చేరినవాళ్ళే ఎక్కువ. చెప్పేది నర్సింహ సారు. మహబూబ్‌నగర్ దిక్కు ఆత్మకూరు మనిషి, చిన్న వయసు. గెస్ట్ లెక్చరర్. అంటే పీరియడ్ల లెక్కన జీతం, ఏటేటా మళ్ళీ తీసుకుంటేనే ఉద్యోగం. ఆయన పుస్తకం పట్టేవాడు కాదు. ప్రొజెక్టర్ ఉన్న గదిలో కిటికీలకు పరదాలు కట్టించి, అందరూ చూసిన సినిమాల్లో ముక్కలు వేసేవాడు.

ప్రొజెక్టర్ నా తాళం కింద ఉండేది కాబట్టి క్లాసు అయ్యేదాకా గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చునేదాన్ని. మొదట్లో కరెంటు దండగ అని గునిసేదాన్ని. సినిమా చూసుడుకు కాలేజెందుకు సారూ, టాకీసు లేదా అని అడిగాను కూడా.

"టాకీసుల నమ్ముకుంట చూస్తరవ్వా. ఈడ నమ్మకుండ చూసుడు నేర్పుతున్న" అన్నాడు.

ఒకే హీరో అన్నదమ్ములిద్దరిగా వేసి, తనను తాను కౌగిలించుకుని ఏడ్చే సీను వేసి ఆపేవాడు. "ఎంతమంది కనవడుతున్రు?" ఇద్దరనేవాళ్ళు పిల్లలు. "ఉన్నదెంతమంది?" ఒక్కడనేవాళ్ళు. "మరి ఇద్దర్ని చూసిందెవరు? కండ్లా, మీరా?" చెప్పొద్దూ, నేను కూడా ఇంటికి పోతూ దాని గురించి ఆలోచించేదాన్ని.

పిల్లలు ఆ ప్రశ్నల్ని వరండాలోకి మోసుకొచ్చి నా ప్రాణం తీసేవాళ్ళు. యాదగిరి అని ఒకడుండేవాడు, నోరు ఊరుకోదు. "అవ్వా, నువ్వు తాగేది నిజంగ చాయేనా?" అని అడిగాడొకసారి. నీళ్ళేరా, మీ సార్లు చాయ్‌కి వేసుకునే చందాకు పాలు పడవు అన్నాను. స్వప్న అనే పిల్ల మాత్రం నవ్వేది కాదు. అడిగితే నిజంగా తెలుసుకోవడానికే అడిగేది.

ఇది జరిగిన రోజు ప్రొజెక్టర్ గది పక్క గదిలో కామర్స్ పిల్లలకు ఇంటర్నల్ పరీక్ష. రెండు గదులకు నడుమ గోడ ఒక్కటే, పైన వెంటిలేటరుకు అద్దం లేదు. పరీక్ష గదికి నీళ్ళు కావాలంటే, ఆ రోజు నేను ప్రొజెక్టర్ పెట్టిచ్చి, స్టూలు మీద కూర్చోకుండా నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పోయాను. కథంతా చివరికి కల అని తేలే సినిమా ఆ రోజు. నేను బిందె వంచుతుండగా లాంగ్ బెల్లు మోగింది.

నా గంటే. నా చేతి ఊపే. మొదట గట్టిగా, తర్వాత దగ్గర దగ్గరగా కొట్టేది నేనొక్కదాన్నే. నా చెయ్యి నేను చూసుకున్నాను. చేతిలో బిందె ఉంది. ఉరికి వరండాలోకి వచ్చి చూస్తే రాడ్డు మేకుకే ఉంది. పట్టా కదలడం లేదు. కొట్టిన పట్టా కొంతసేపు జుమ్మంటుంది. చెయ్యి పెట్టి చూశాను, జుమ్మనడం లేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు నా మీదే అనుమానం వచ్చింది. ఆ అనుమానం తెప్పించినందుకు నాకిప్పటికీ కోపమే.

పక్క గదిలో కాగితాలు గుంజుకున్నారు. పిల్లలు బయటికొచ్చి జవాబులు సరిచూసుకోవడం మొదలుపెట్టాక గానీ టైము ఎవరూ చూడలేదు. ఇక ఆ కాగితాలు తిరిగి ఇవ్వడానికి లేదు. అనిత అనే పిల్ల నేరుగా నా దగ్గరికొచ్చింది. కూలి చేసుకునే ఇంటి పిల్ల. సెలవుల్లో తనూ నాట్లకు పోయేది. మెల్లగా రాస్తుంది, కానీ తప్పు రాయదు.

"రెండు పెద్ద ప్రశ్నలు మిగిలినయ్ అవ్వా. రెండు గూడ వచ్చినయే. ఎందుకు కొట్టినవ్?"

నేను కొట్టలేదంటే నమ్మలేదు. ఎట్లా నమ్ముతుంది? చెవులతో విన్నది కదా.

పరీక్ష మళ్ళీ పెట్టాలంటే రికార్డులో కారణం రాయాలి. అటెండరు పొరపాటు అన్నది అందరికీ సులువైన కారణం. అందుకే ఆ తెల్లకాగితం. రాసిస్తే పిల్లలకు మళ్ళీ పరీక్ష, నాకొక మెమో. రాసియ్యకపోతే అనితకు ఆ సగం కాగితమే దిక్కు. ప్రిన్సిపాల్ సారు ఆ మాట కూడా అన్నాడు. "ఆ పొల్ల మొకం చూసన్న పెట్టు." అంటే పిల్ల నష్టం కూడా నా నెత్తినే.

మధ్యాహ్నం నర్సింహ సారు నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, జర మెల్లగ మాట్లాడు. గంట నా ఫోన్ల మోగింది."

అంతకు రెండు మూడు రోజుల ముందు నేను లాంగ్ బెల్లు కొడుతుంటే పక్కన ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకున్నాను. రికార్డు చేసుకున్నాడట. సినిమా నడుమ దాన్ని పెద్ద స్పీకర్లో వేస్తే, పిల్లలు సంచులు సర్దుకుని లేచి నిలబడ్డారట. గంట మోగలేదు, మీరు నమ్మిన్రు అని చెప్పి కూర్చోబెట్టాడట. పాఠం బాగా కుదిరిందని చెప్తున్నప్పుడు ఆయన ముఖంలో కాస్త వెలుగు కూడా వచ్చింది. గోడ అవతల పరీక్ష జరుగుతోందన్న సోయి లేదు.

"గీ మాట పెద్దసారుకు చెప్పు."

"చెప్తే రేపటి నుంచి రావద్దంటరవ్వా. గ్రూపు గూడ ఎత్తేస్తరు. నువ్వు పర్మనెంటు. మెమో ఇస్తరు, గంతే. సంతకం పెట్టు, నీ కాళ్ళు మొక్కుత."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నాకు ఎక్కువ మండింది అందుకే. "నిజమేందో అడుగున్రి అని పిల్లలకు చెప్తివి. నా దగ్గరికి అబద్ధం రాయమని వస్తివి. కాళ్ళు మొక్కకు, నాకు నీళ్ళు నింపే పనుంది" అన్నాను.

సాయంత్రం బస్సు కోసం ఆయన క్లాసు పిల్లలంతా గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. సారంటే వాళ్ళకు ప్రాణం. అందుకని నన్ను బలిస్తారా? పోయి నిలదీశాను. యాదగిరి నేల చూపులు చూస్తూ, అలవాటు కొద్దీ అన్నాడు.

"నువ్వు కొట్టలేదని నీకెట్ల తెలుసవ్వా?"

"నీ చెంప మీద ఒక్కటిచ్చి నేను కొట్టలేదంట. అప్పుడు నువ్వు చెప్పు, ఎట్ల తెలుస్తదో."

ఒకరిద్దరు నవ్వారు. నేను నవ్వలేదు. రోడ్డు అవతల అనిత ఒక్కతే నిలబడి ఉంది. ఆమె వైపు చెయ్యి చూపించాను. "ఆ పిల్ల రాయని రెండు ప్రశ్నలు కల గాదు బిడ్డా. సినిమా ఐపోయినంక గూడ అట్లనే ఉంటయ్" అని, నా సంచి తీసుకుని ఇంటికి పోయాను. సంతకం పెట్టలేదు.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. సారును తీసెయ్యలేదు, ఏడాది చివరిదాకా ఉన్నాడు. సినిమాలూ ఆగలేదు. స్పీకరు మాత్రం నా బీరువాలోకి వచ్చింది. మాటల్లేని బొమ్మలు చూపించి, వాళ్ళేమంటున్నారో మీరే చెప్పండనేవాడు. మరుసటి ఏడు చేరేవాళ్ళు లేక గ్రూపు పోయింది, ఆయన ఉద్యోగమూ పోయింది. దానికి ఈ గంట కారణం కాదు. ఇక నేను నేర్చుకున్నది ఒక్కటే. ఆఫీసులో ఏది చెడినా, కింది ఉద్యోగి సంతకం అన్నిటికంటే చవకగా దొరుకుతుందనుకుంటారు. దాన్ని చవకగా ఇవ్వకూడదు. రిటైరయ్యేదాకా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున నేను తాళాలు పట్టుకుని వచ్చేసరికి తత్వశాస్త్రం పిల్లలు ప్రిన్సిపాల్ గది ముందు నిలబడి ఉన్నారు. నర్సింహ సారు వాళ్ళ వెనక ఉన్నాడు. ప్రిన్సిపాల్ సారు రాగానే స్వప్న ముందుకొచ్చింది.

"సార్, నిన్న గంట వరండాల మోగలే. మా రూంల మోగింది."

"మోగించిందెవరు?"

పిల్లలు పేరు చెప్పలేదు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నర్సింహ సారు ముందుకు నడిచి, "నేనే సార్. రాసిస్త" అన్నాడు. నా కోసం పెట్టిన తెల్లకాగితం ఇంకా బల్ల మీదే ఉంది. దాని మీదే రాసి సంతకం పెట్టాడు. కామర్స్ పిల్లలకు ఆ పూటే మళ్ళీ పరీక్ష అన్నారు. ప్రిన్సిపాల్ సారు నా వైపు చూడకుండా, "పో సత్తెమ్మా, టైమైంది, గంట కొట్టు" అన్నాడు. నిన్నటి మాట ఎత్తలేదు.

నేను రాడ్డు తీసుకుని మొదటి దెబ్బ కొట్టాను. ఎవరూ క్లాసులోకి పోలేదు. వరండా పొడుగునా ఒక్కో గుమ్మంలోంచి తలలు బయటికొచ్చాయి. అన్ని ఏండ్లలో నేను గంట కొడుతుంటే ఎవరూ అట్లా చూసింది లేదు. అనిత పరీక్ష అట్ట పట్టుకుని దగ్గరిదాకా వచ్చింది. రాడ్డు వంక, నా చేతి వంక చూసి, లోపలికి పోయి కూర్చుంది. మిగిలిన దెబ్బలు కొట్టాను.