ఉత్త నీళ్ళలో కెఫిన్

ఖమ్మంలో ఫార్మసీ చివరి ఏడాది మా ప్రాజెక్టు, బజార్లో అమ్మే ఎనర్జీ డ్రింకుల్లో కెఫిన్ ఎంతుందో కొలవడం. మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీలు తాగే ఐదు రకాలు ఎంచుకున్నాం. కొలిచే యంత్రం మాది కాదు, అరువు తెచ్చింది. ఆ రోజు నాలుగింటికి ఇచ్చినవాళ్ళొచ్చి తీసుకుపోతారు. అప్పటికి ఫలితాలు రాకపోతే ప్రాజెక్టు లేదు. ప్రాజెక్టు లేకపోతే అందులో నా పార్ట్‌నర్‌కు హైదరాబాద్‌లో ఖాయమైన ఉద్యోగమూ లేదు. భద్రాచలం అవతలి అడవి ఊరు ఆమెది. నెల జీతం ఎరిగినవాళ్ళు వాళ్ళింట్లో ఎవరూ లేరు.

నేను గోడకు జాబితా అంటించాను. ఒకటి: డ్రింకులోని గ్యాసు పూర్తిగా పోవాలి. రెండు: డ్రింకులకు ఏం చేస్తామో, ఏమీ కలపని శుద్ధమైన నీళ్ళకూ ముందు అదే చెయ్యాలి. మూడు నుంచి పదకొండు దాకా ఎవరూ చదవలేదు.

"ఉత్త నీళ్ళల్ల ఏముంటదిరా కొలవనీకి?" అంది ఆమె.

"ఏమీ లేదని తెలియాలి గదా."

నేను గాజు కడ్డీతో డ్రింకు తిప్పుతుంటే ల్యాబ్ అటెండర్ కాకా చూసి నవ్వాడు. ఈ ఉద్యోగానికి ముందు ఆయన బస్టాండు దగ్గర చాయ్ మాస్టర్. "గట్ల తిప్పితే రేపటిదాంక పోదు బిడ్డా. జరుగు" అని తన రెండు స్టీలు మగ్గులు తెచ్చాడు. ముందు నీళ్ళు, తర్వాత ఒక్కో డ్రింకూ మూరెడు ఎత్తు నుంచి తీగలా తిరగబోశాడు. గ్యాసు మాయం. చుక్క కింద పడలేదు.

పరీక్షకు ఒక్కో సీసాలో కొంచెం చాలు. మిగిలింది పారబోయడానికి మనసొప్పక ముగ్గురం తాగేశాం. ఒంటిగంటకల్లా నా మాటలు నాకే అందడం లేదు. ఆమె మోకాలు కుట్టుమిషన్‌లా ఆడుతోంది. కాకా ఎవరూ అడగకుండానే కిటికీ అద్దాలన్నీ తుడిచేశాడు.

మొదట నీళ్ళు పెట్టాం. కెఫిన్ ఉందని చూపించింది యంత్రం. మళ్ళీ పెట్టాం. మళ్ళీ ఉంది.

"మిషన్ ఖరాబైంది" అన్నాను.

ఆమె గడియారం వైపు చూసింది. తర్వాత మగ్గు తీసి వాసన చూసింది.

"కాకా, పొద్దుగాల దీంట్ల ఏం చేసినవ్?"

"చాయ్. రోజూ దాంట్లనే గదా."

"కడగలే?"

"నీళ్ళతోని తొలిచిన. చాయ్ మగ్గును సబ్బు పెట్టి తోముతరా ఎవరన్న? రుచి పోదా?"

"చాయ్‌ల గుడ కెఫినే ఉంటది కాకా!" ఆమె నేల మీద కూలబడి నవ్వింది. నాకూ ఆగలేదు. తర్వాత గుర్తొచ్చింది, మళ్ళీ మొదలుపెట్టడానికి డ్రింకులు మా కడుపుల్లో ఉన్నాయని. పరుగెత్తడానికి అంత సిద్ధంగా నేనెప్పుడూ లేను. దుకాణానికి పోయి ఐదు సీసాలతో వచ్చేసరికి ఆమె బీకర్లు తళతళలాడేట్టు కడిగి పెట్టింది. ఈసారి కాకా వాటిలోనే తిరగబోశాడు. నీళ్ళలో సున్నా వచ్చింది. ఆమె ఆ సున్నాను రెండుసార్లు వేలితో తాకింది. మూడూ నలభైకి ఐదు డ్రింకులూ అయిపోయాయి.

"మరి నా చాయ్‌ల ఎంతుంది?" అన్నాడు కాకా.

పాలు కలపని డికాక్షన్ ఫ్లాస్కులో ఉంది. ఇరవై నిమిషాలూ ఉన్నాయి. కొలిచాం. గ్లాసుకు గ్లాసు లెక్కన, మొత్తం ఆరు రకాల్లో చాయ్‌ది రెండో స్థానం.

"ఆరో వరుసల రాయ్‌రా" అంది ఆమె. రాశాను. వైవాలో పరీక్షకుడు ఎక్కువసేపు అడిగింది ఆ వరుస గురించే. ఆమె సమయానికే ఉద్యోగంలో చేరింది.

కానీ ఆ రోజు, వాళ్ళొచ్చి యంత్రాన్ని మెట్లు దింపుతుంటే కాకా వెనకాలే వెళ్ళాడు.

"జర ఆగుండ్రి. ఇయ్యాల చాయ్‌ల ఆకు తక్వ ఏసిన."