జమ్మి కాదన్నాడు నాన్న

మొన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక మొక్క ఫొటో పెట్టి, "మాస్టారూ, ఇది జమ్మేనా? దసరాకి పార్కులో నాటుదామనుకుంటున్నాం" అని మా నాన్నను అడిగారు. ఎనభై దాటిన మనిషి, బీపీ మాత్ర వేసుకోమంటే పదిసార్లు చెప్పించుకునే మనిషి, ఫొటో పడిన నిమిషంలో జవాబు కొట్టాడు: "కాదు. సర్కారు తుమ్మ." దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు. నేను వంటింట్లో పప్పు మెదుపుతూ ఫోన్‌లో అది చూశాను. ఒళ్ళు మండిపోయింది. ఫోను బోర్లా పెట్టేసి ఆ పప్పును గుజ్జు గుజ్జు చేశాను. ఆ మాట ఆయన నోట ఇంతకు ముందు ఒకసారి విన్నాను. అప్పుడు చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు.

మాది నరసరావుపేట. నాన్న కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. మా చిన్నప్పుడు మాచర్ల వైపు పెళ్ళికి పోతున్నా సరే, బస్సు ఆగిన చోటల్లా దిగి ఏదో ఒక కొమ్మ విరుచుకొచ్చేవాడు. అమ్మ పట్టుచీర మీద చీమలు పాకేవి. "పెళ్ళికి పోతున్నామా, మేకలు కాయబోతున్నామా?" అని అమ్మ అందరూ వినేట్టు అరిచేది. ఆయనకు వినబడేది కాదు. ఎవరైనా చెట్టు పేరు తప్పు చెబితే మాత్రం, చుట్టాన్ని తప్పు వరసతో పిలిచినంత ఇదైపోయేవాడు. కూరగాయల బండివాణ్ణి కూడా వదిలేవాడు కాదు.

ఆయన దృష్టిలో మా ప్రాంతంలో అందరూ చేసే తప్పు ఒకటే. తుమ్మ, చండ్ర, జమ్మి అన్నీ ఒకే ఇంటి చుట్టాలు, దూరం నుంచి చూస్తే అన్నీ ముళ్ళకంపే. నల్లతుమ్మ సులువు, దాని పువ్వు పసుపు రంగు ఉండలాగా ఉంటుంది. చిక్కల్లా జమ్మికీ సర్కారు తుమ్మకీ మధ్యే. రెండూ సన్నటి లేతపసుపు కంకులే పూస్తాయి. కాయలొస్తే తెలిసిపోతుంది, జమ్మికాయ పురికొసలా సన్నగా గుండ్రంగా ఉంటుంది, సర్కారు తుమ్మకాయ బద్దలా ఉంటుంది. కాయ లేనప్పుడు ముల్లు చూడాలి. సర్కారు తుమ్మకు ఆకు మొదట్లో జంటగా పొడుగాటి ముళ్ళుంటాయి. జమ్మికి కణుపుకీ కణుపుకీ మధ్య కొమ్మ మీద ఎక్కడబడితే అక్కడ పొట్టి ముల్లు. ఇది నాకు ఎక్కాల కంటే ముందు వచ్చింది. అన్నం తినేటప్పుడు కూడా చెప్పేవాడు మరి.

నాన్నకు ఒక్కతే చెల్లెలు. మా మేనత్తను గురజాల దగ్గర పల్లెకిచ్చారు. గట్టి మనిషి, గట్టి గొంతు. వచ్చిందంటే వీధి మొదట్లోనే తెలిసేది మాకు. మా నాయనమ్మ ఆఖరి రోజుల్లో మంచాన పడితే ఆర్నెల్లు మా ఇంట్లో, ఆర్నెల్లు అత్త దగ్గర ఉంది. పెద్దకర్మ నాడు, భోజనాల బంతి దగ్గర, అందరూ ఉండగా నాన్న ఎందుకో నోరు జారాడు. "అమ్మను చూసింది నేను, నువ్వు చూసిందేముంది?" అన్నాడు. అత్త చేతిలో ఉన్న నెయ్యి గిన్నె అక్కడే పెట్టి, మామయ్యను లేపుకుని బస్టాండుకు పోయింది. అంతే. పదేళ్ళు ఆమె మా గడప తొక్కలేదు, ఆయన వాళ్ళ ఊరి బస్సెక్కలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఒకరు పందిట్లో ఉంటే ఇంకొకరు బయట. మధ్యలో మేము ఫోన్లు చేసుకుంటూ, ఇద్దరికీ చెరొక మాట చెబుతూ నలిగిపోయాం.

అత్త వాళ్ళ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. విజయదశమి సాయంత్రం జమ్మికి పూజ చేసి ఆకు కోసుకొచ్చి పెద్దవాళ్ళ చేతుల్లో పెట్టడం అన్నిచోట్లా ఉన్నదే. అక్కడ మాటల్లేని వాళ్ళ కోసం కూడా ఆకు కోస్తారు. ఇద్దరిలో చిన్నవాళ్ళు ఆకు పట్టుకుపోయి పెద్దవాళ్ళ చేతిలో పెట్టాలి, వాళ్ళు కళ్ళకద్దుకోవాలి. అంతటితో సరి. తప్పెవరిదని ఎవరూ అడగకూడదు. పొలం గట్ల దగ్గర తలలు పగలగొట్టుకున్న వాళ్ళు కూడా ఆ పూటతో మాట్లాడుకుంటారు.

అయితే వాళ్ళ ఊరి పాత జమ్మి రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. ఊరి పెద్దలు ఎక్కణ్ణుంచో ఒక మొక్క తెచ్చి, నాటి, చుట్టూ అరుగు కట్టించారు. అది రెండేళ్ళకే మనిషెత్తు దాటింది. అమ్మవారి మహిమ అన్నారు. మేకలు దాని ఆకు ముట్టడం లేదంటే, మూగజీవాలకు కూడా తెలుసమ్మా అని చెంపలు వేసుకున్నారు. మేక ముట్టకపోతేనే అది జమ్మి కాదని తెలియాలి, జమ్మాకంటే మేకలు పడి చస్తాయి. కానీ పసుపూ కుంకుమా పడ్డాక ఎవరు చూస్తారు ముల్లు?

ఆ ఏడు అత్తకు గుండెలో కవాటం చెడిపోయిందన్నారు. దసరా వెళ్ళిన వారానికి గుంటూరులో ఆపరేషను. ఆ సంగతి నేనే నాన్నకు చెప్పాను. ఊఁ అన్నాడు. పండగ మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు అత్త దిగింది. వీధి మొదట్లో ఏ గొంతూ వినపడలేదు. గేటు దగ్గర ఆయాసపడుతూ నిలబడి, "ఏమే, మీ నాన్న లేచాడా?" అని నన్నడిగింది. పదేళ్ళలో మనిషి సగమైపోయింది. గేటు తీసి వసారా వైపు చూపించాను.

నాన్న వసారాలో పేపరు చదువుతున్నాడు. అత్త చెప్పులు విడిచి ఆయన ముందు నిలబడి, కొంగు ముడి విప్పి, చిన్న రెమ్మ తీసింది. "అన్నయ్యా, జమ్మాకు. ఆపరేషనంట, లేస్తానో లేదో. పుచ్చుకో" అని చెయ్యి చాపింది. నాన్న లేచాడు. పుచ్చుకుంటాడనే అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు. ఆయన రెమ్మను వేళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళజోడు పైకి జరిపి, వెలుతురులోకి తిప్పి చూశాడు.

"ఇది జమ్మి కాదే. సర్కారు తుమ్మ. ముల్లు చూడు, జంటగా ఉంది."

"నాకేం తెలుసన్నయ్యా, ఊరంతా దానికే మొక్కుతున్నారు."

"ఊరంతా మొక్కితే తుమ్మ జమ్మయిద్దా? అసలుది తీసుకురా, అప్పుడు చూద్దాం" అని రెమ్మ తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

అత్త ఆ రెమ్మను కొంగులో ముడేసుకుంది. నేను కాఫీ కలుపుకొచ్చేసరికి వీధి మలుపు దాటిపోయింది. వెంటపడి పట్టుకుంటే, "పోనీలే అమ్మాయ్, ఆయన చదువుకున్నోడు. నేనే చూసుకోకుండా తెచ్చా" అంది. ఆటో ఎక్కించి వచ్చి నేను నాన్న మీద చానాసేపు అరిచాను. "నేను అబద్ధం చెప్పానా?" అన్నాడు. చెప్పలేదు. అదే కదా ఖర్మ. అది సర్కారు తుమ్మే, నేనూ ఆ ముల్లు చూశాను. ఆయనది పంతమో, జన్మంతా చేసిన అలవాటో నాకు ఇప్పటికీ తెలియదు. పంతమైతే ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తానేమో. అలవాటైతే మాత్రం నా వల్ల కాదు.

అత్త ఆపరేషను బల్ల మీద నుంచి లేవలేదు.

మరుసటి ఏడు దసరాకి నాన్న ఒక్కడే ఆటో మాట్లాడుకుని నాదెండ్ల వైపు నల్లరేగడి చేలగట్లన్నీ తిరిగి అసలు జమ్మి వెతికి పట్టుకున్నాడు. ఆ రెమ్మను తడిగుడ్డలో చుట్టుకుని, నన్ను తోడు తీసుకుని అత్త ఊరికి బయల్దేరాడు. అత్త కొడుకు, మా బావ, గుమ్మంలో ఉన్నాడు. లోపల దండేసిన ఫొటో. నాన్న రెమ్మను ఫొటో ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ముల్లు సరిచూసి తెచ్చావా మామయ్యా?" అన్నాడు బావ.

"జమ్మే. అనుమానం లేదు" అన్నాడు నాన్న. అప్పుడు కూడా అదే జవాబు! నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బావ, "నువ్వు తుమ్మాకు తెచ్చినా అమ్మ పుచ్చుకునేది మామయ్యా" అని మంచినీళ్ళు తేవడానికి లోపలికి పోయాడు. నాన్న అక్కడే, ఫొటో ముందు, నేల మీద కూలబడ్డాడు. నేను లేపలేదు. ఈ ఏడు పేరు తేలని చెట్టును వచ్చే ఏడు పూతకో కాతకో మళ్ళీ పోయి చూసుకోవచ్చు, అది అక్కడే ఉంటుంది. గుమ్మంలోకొచ్చి చెయ్యి చాపిన మనిషికి కాలం ఇచ్చేది ఆ కాసేపే.