ముగ్గురాయి బరువు

ముగ్గురాయి పేరెత్తితే చాలు, గురప్ప మామకు ఒళ్లు మండిపోయేది. మంగంపేటలో వాళ్ల నాయన తవ్వుకుంటున్న గుంతను ప్రభుత్వం గనిలో కలిపేసుకుంది. ఆ తర్వాత గుప్పెడు రాయి చెక్‌పోస్టు దాటించాలన్నా పర్మిట్ కావాల్సిందే. వాకిట్లో ముగ్గేసే రాయికి ఇంత కాపలా ఎందుకో అర్థంకాకుండానే ఆ పెద్దాయన పోయాడు. మామ అలిగి కువైట్ వచ్చేశాడు. వచ్చి ఏం చేశాడయ్యా అంటే, షువైఖ్ రేవు గోడౌన్లో అదే ముగ్గురాయి పొడి బస్తాలు మోశాడు. చమురు బావులు తవ్వేవాళ్లకు అది కావాలట. నేను రాయచోటి పీరాను, ఆ గోడౌన్లోనే లారీ డ్రైవర్ని. ఆ ముచ్చట తీసి ఆయన్ని ఎంత ఏడిపించానో లెక్కలేదు.

ఇరాక్ సైన్యం వచ్చాక మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ సౌదీకి పారిపోయాడు. పాస్‌పోర్టులు ఆయన బీరువాలో ఉండిపోయాయి, మేం గోడౌన్లో ఉండిపోయాం. సైనికులు ఏసీలు, టైర్లు పట్టుకుపోయారు. చివరికి సముద్రం ఒడ్డున కందకాలకు అడ్డం పెట్టుకోవడానికి మా బస్తాలూ కావాలన్నారు. ఇవన్నీ ఇక సర్కారువని ఒక అధికారి మొహాన చెప్పేశాడు.

మామ నవ్వాడు. "యాడికి పోయినా దీనెనకాల ఒక గవర్నమెంటు వస్తాది పీరా" అన్నాడు. ఆ బస్తాలు కూడా మా చేతే మోయించారు.

వాళ్లు వెళ్తూ వెళ్తూ బావులకు నిప్పు పెట్టారు. మేం మంటలార్పే వాళ్ల దగ్గర పనికి కుదిరాం, ఆ పొగలో మిట్టమధ్యాహ్నం లైట్లు వేసుకుని లారీ నడిపాను. మేం వెళ్లిన బావి మంటను నీళ్లతో ఆర్పారు గానీ, చమురు ఇంకా తాటిచెట్టంత ఎత్తుకు ఎగజిమ్ముతోంది. రవ్వ పడితే మళ్లీ అంటుకుంటుంది, అక్కడున్న వాళ్లెవరూ మిగలరు. ముగ్గురాయి పొడి కలిపిన బురదను లోపలికి పంపితే, దాని బరువుకు చమురు అణుగుతుందన్నారు. పొడి చాల్లేదు. ఓడలు ఇంకా రావడం లేదు.

మామకు కందకాలు గుర్తొచ్చాయి. మందుపాతరలు ఏరే మిత్రదేశాల సైనికుల వెనక అడుగులో అడుగేసుకుంటూ వెళ్లి, మేం మోసిన బస్తాలను మేమే వెనక్కి తెచ్చాం.

దించేటప్పుడు ఒక బస్తా చినిగింది. మామ గుప్పెడు పొడి తీసి జేబులో పోసుకున్నాడు. వాళ్ల నాయన గుంతలోదే అయి ఉంటుందన్నాడు. ఇక్కడ చెక్‌పోస్టు లేదు కదా అని నేనూ ఊరుకున్నాను.

పంపులు మొదలయ్యాయి. తాటిచెట్టంత చమురు మనిషెత్తుకు దిగి, అక్కడ మొండికేసింది. ఆఖరి బస్తా కూడా అయిపోయింది. అందరం బావి వైపే చూస్తుంటే మామ మాత్రం జేబు తిరగేసి, ఆ గుప్పెడూ బురద తొట్టిలో దులిపేశాడు.

ఆ గుప్పెడుతోనే ఆగిందని నేననను. కానీ ఆగింది. భూమి కడుపులోంచి వచ్చే అంత పెద్ద రొద ఉన్నట్టుండి లేకుండా పోయింది. నా చెవులే పోయాయేమో అని భయపడ్డాను. మా ఊళ్లో ఆడవాళ్లు వేళ్ల సందున జార్చే పొడి అది.

మామ అక్కడే ఇసకలో కూలబడ్డాడు.

"దీనికి కాపలా ఎందుకు పెట్టినారో ఇప్పుడు తెలిసొచ్చినాది పీరా" అన్నాడు. "మా నాయనకు చెప్దామంటే మనిషి ల్యాడే."